స్టెరాయిడ్ మాత్రలు, బ్రూనో రొప్పు: నా నోట్‌బుక్‌లోంచి

మా బ్రూనో లాబ్రడార్, ఏడేళ్లు, 28 కిలోలు. ఎండలు ముదిరేసరికి చంకల్లో, వేళ్ల సందుల్లో ఎర్రగా దురద మొదలై రక్తం వచ్చేదాకా గోక్కునేవాడు. డాక్టర్ గారు అలర్జీ అని ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాశారు, పొద్దున తిండి పెట్టాక 15 మిల్లీగ్రాములు.

3వ రోజు: దురద సగానికి సగం తగ్గింది. నీళ్లే విపరీతం. లీటరు సీసాతో కొలిచి పోస్తున్నాను, రోజూ లీటరున్నర తాగేవాడు ఇవాళ మూడు లీటర్లు దాటించాడు. రాత్రి రెండుసార్లు బయటికి తిప్పాల్సొచ్చింది. అయినా గిన్నె ఖాళీగా ఉంచట్లేదు.

5వ రోజు: రాత్రి ఒంటిగంటన్నరకి మెలకువొచ్చి చూస్తే, ఫ్యాన్ కింద టైల్స్ మీద పడుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో పరిగెత్తొచ్చినవాడిలా రొప్పుతున్నాడు. నాలుక ఓ పక్కకి వేలాడుతోంది, చొంగ కారి కింద చిన్న మడుగైంది. అమ్మ లేచొచ్చి "వీడికి ఊపిరాడట్లేదేమో చూడరా" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పై పెదవి ఎత్తి చూశాను, చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట వెంటనే రంగొచ్చేసింది. ఇరవై నిమిషాలకి దానంతటదే తగ్గి నిద్రపోయాడు.

6వ రోజు: డాక్టర్ గారు గుండె, ఊపిరితిత్తులు విన్నారు, జ్వరం చూశారు, ఏమీ లేదు. స్టెరాయిడ్ వాడే కుక్కల్లో ఈ రొప్పు బాగా కనిపించేదేనట. అయితే రొప్పేటప్పుడు ఊపిరి లెక్కపెట్టొద్దు, గాఢనిద్రలో ఉన్నప్పుడు 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి, నిమిషానికి 30 దాటి, మళ్లీ చూసినా అలాగే ఉంటే తీసుకురండి అన్నారు. నాలుక నీలంగా మారినా, చిగుళ్లు పాలిపోయినా, పడుకోలేక మెడ చాచి కూర్చున్నా లెక్కలతో పనిలేదు, ఏ వేళైనా బయల్దేరాల్సిందే.

ఆ రాత్రే లెక్కపెడితే 44 వచ్చింది! టెన్షన్‌తో ఒళ్లు చల్లబడింది. తీరా చూస్తే డొక్క లేవడం ఒకటి, దిగడం ఒకటి అని విడివిడిగా లెక్కేశాను. లేచి దిగితేనే ఒక ఊపిరి, అంటే 22. ఇంకోటి, కలలో కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు ఊపిరి అడ్డదిడ్డంగా ఉంటుంది, అది అయిపోయేదాకా ఆగాలి.

11వ రోజు: డోసు 10కి దించారు. తెలిసినవాళ్లు ఇద్దరు "ఆ మాత్రే ఆపేయకూడదా" అన్నారు. ఆపకూడదు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో గ్రంథులు తమ పని తగ్గించేస్తాయి, ఒక్కసారిగా మానేస్తే వాంతులు, నీరసంతో కుప్పకూలే ప్రమాదం ఉంది, అందుకే మెట్లుమెట్లుగా దించుతారు. ఇంట్లో పాత మెలాక్సికామ్ (నొప్పి మందు) మిగిలుంటే బీరువాలో పైకి పెట్టేశాను, ఈ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది. మలం నల్లగా తారులా వస్తుందేమో రోజూ చూస్తున్నాను.

17వ రోజు: రొప్పు సాయంత్రం ఒక అరగంట, అంతే. నిద్రలో 20.

24వ రోజు: ఇప్పుడు రోజు విడిచి రోజు మాత్ర, ఇవాళ లేని రోజు. నీళ్లు రెండు లీటర్ల లోపే. పొట్ట కాస్త జారినట్టుంది, వచ్చే వారం చూపించాలి. ఇది రాస్తుంటే నా కుర్చీ పక్కనే నిద్రపోతున్నాడు, 30 సెకన్లకి 9 వచ్చాయి.