అత్తయ్యకో శంఖం

అండమాన్ బయల్దేరేముందు అత్తయ్య అడిగింది ఒక్కటే. "పూజలోకి ఓ శంఖం తేమ్మా."

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం, కానీ ఆటో అతనూ నేనూ పాత పేరే వాడాం) గడియార స్తంభం దగ్గర అబర్డీన్ బజార్. బీసెంట్ రోడ్డు అలవాటు కదా, సగానికి బేరం మొదలెట్టా. కొట్టతను నవ్వి "విజయవాడా అండీ?" అన్నాడు, తెలుగులోనే! వాళ్లది శ్రీకాకుళం వైపట. బేరమైతే తగ్గలేదు గానీ మంచి మాట చెప్పాడు: శంఖాలూ గవ్వలూ ప్రభుత్వ ఎంపోరియం సాగరికలో కొనండి, బిల్లు పారేయకండి, ఎయిర్‌పోర్టులో అడుగుతారు.

అప్పుడు గుర్తొచ్చింది మావాడి సాక్సు. రాధానగర్ బీచ్‌లో ఏరిన పగడపు ముక్కలన్నీ అందులోనే దాచాడు! 1972 వన్యప్రాణి చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, ఒడ్డున పడున్న చచ్చిన ముక్కైనా తేకూడదు. ఏడుస్తూనే వెళ్లి సముద్రంలో వదిలొచ్చాడు.

నాకోసం పడౌక్ చెక్క గిన్నె ఒకటి కొనుక్కున్నా. ఎర్రగా, చేతిలో బరువుగా ఉంటుంది. మన కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి చెక్క దీని పక్కన దూదే. గిన్నే, కొండపల్లి బొమ్మా ఇప్పుడు టీవీ పక్కన ఒకే అరలో ఉన్నాయి.

శంఖం మాత్రం... అత్తయ్య స్నానం చేసొచ్చి, బొట్టు పెట్టి, ఊదితే తుస్సుమంది. కొన కోసిన శంఖమే మోగుతుందట. చూసుకోనిది నేనే.

"పోన్లే, తీర్థానికి పనికొస్తుంది," అంది.