వానాకాలం దాటేదాకా భజన సామాను అట్టపెట్టెల్లో: నా అనుభవం

రాయగడలో శ్రీరామనవమి భజనలు అవగానే సామానంతా మా ఇంటికి చేరుతుంది. హార్మోనియం, తబలా జత, 61 కీల కీబోర్డు, చిన్న మిక్సరు, మూడు మైకులు, వాటి వైర్లు. మళ్లీ బయటికి తీసేది వినాయక చవితికే. మధ్యలో రెండు నెలల ఎండ, ఆ తర్వాత రథయాత్ర నాటికి ముసురు. ఈ కాలమంతా టీవీ, ఫ్రిజ్ అట్టపెట్టెల్లోనే దాస్తున్నాను.

పెట్టె తెచ్చుకునేటప్పుడే అట్ట అంచు చూడాలి. లోపల ముడతల వరస ఒకటుంటే మూడు పొరలది, రెండుంటే అయిదు పొరలది. హార్మోనియం ఎనిమిది, పది కిలోలు తూగుతుంది కాబట్టి దానికి అయిదు పొరలదే కావాలి. పెట్టె నిలబెట్టినప్పుడు పక్కల్లో ముడతలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే పైన ఏం పెట్టినా పక్కలు కుంగిపోతాయి. కిరాణా పెట్టెలు మాత్రం వద్దు. బెల్లం వాసనకు చీమలు వస్తాయి, మడతల కింద బొద్దింక గుడ్లు ఉంటాయి. ఏ పెట్టెనైనా విప్పి పరిచి, రెండు వైపులా ఒక పూట చొప్పున ఎండబెట్టాకే వాడతాను.

అతకడానికి ఫెవికాల్ పూసి, రాత్రంతా బరువు పెడితే చాలు. బ్రౌన్ టేపు మే ఎండకు జిగురు వదిలేస్తుంది. మైదా జిగురు పురుగుల్ని పిలుస్తుంది, బైండింగ్ వాళ్లు అందులో మైలుతుత్తం కలిపేది అందుకే. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.

హార్మోనియం పెట్టెకు అడుగే బలహీనం. అడుగున ఇంకో అట్ట వేసి, దాని ముడతలు మొదటి అట్ట ముడతలకు అడ్డంగా వచ్చేలా అతకాలి. అప్పుడు ఎటూ వంగదు. ఎత్తడానికి పెట్టె కింద నుంచి రెండు వరసల నవారు చుట్టి పైన ముడివేస్తాను. పక్కన చేతికి కన్నాలు కోస్తే అక్కడే చిరుగుతుంది. తిత్తులు పూర్తిగా మూసి కొక్కెం పెట్టాకే లోపల దించాలి.

తబలాకు, దాని జతలోని పెద్ద వాయిద్యం డగ్గాకు కుదుళ్లు కూడా అట్టతోనే చేయొచ్చు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, ముడతలు పట్టీకి అడ్డంగా ఉండేలా చూసుకుంటే చక్కగా చుట్టుకుంటాయి. ముడతలు పొడవునా ఉంటే పట్టీ విరుగుతుంది. పైన పాత నూలు చీర ముక్క చుట్టాలి. తోలు వాయిద్యాన్ని పాలిథిన్‌లో మాత్రం పెట్టకూడదు. లోపలి చెమ్మ బయటికి పోలేక తోలు మీద బూజు పడుతుంది.

కీబోర్డు సంగతి వేరు. దానికి కొలత కన్నా ప్రతి వైపూ నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ ఉన్న పెట్టె చూడాలి. ఆ ఖాళీని మడిచిన అట్ట ముక్కలతో మూలల్లోనే నింపాలి, కీల మీద ఏదీ ఆనకూడదు. బ్యాటరీలు తీసేయాలి, లోపలే ఉంచితే కారి స్ప్రింగులను తినేస్తాయి. గుడ్డ చుట్టి, పాలిథిన్ సంచిలో వేసి, పావు కిలో సిలికా జెల్ నూలు మూటలో కట్టి పెడతాను. సంచి లేకుండా అట్టపెట్టెలో పడేస్తే ఆ జెల్ గది గాలిలోని తేమనంతా పీల్చుకుని కొద్ది రోజుల్లోనే నిండిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది థర్మోకోల్ దగ్గర. మిక్సరుతో వచ్చిన థర్మోకోల్ గూట్లోనే వైరు చుట్టి పెట్టాను. నెలలు గడిచాక తీస్తే వైరు దానికి అతుక్కుపోయి ఉంది. దాని కింద థర్మోకోల్ కరిగి వేలెడు లోతు గాడి పడింది, లాగితే వైరుకు తెల్లటి పూసలు జిగటగా అంటుకొచ్చాయి. వైరు పైతొడుగు మెత్తగా ఉండటానికి కలిపే నూనె లాంటి పదార్థం నెమ్మదిగా బయటికొచ్చి థర్మోకోల్‌ను కరిగిస్తుంది. కలరా ఉండలు తగిలినా థర్మోకోల్‌కు ఇదే గతి. ఇప్పుడు ప్రతి వైరునూ వదులుగా చుట్టి, టిష్యూ రోల్ మిగిల్చే అట్ట గొట్టంలో దూర్చుతున్నాను. గొట్టం మీదే వైరు పొడవు రాసుకుంటాను.

పెట్టెలు నేల మీద పెట్టను. పక్కన జేకేపూర్ మిల్లులో కాగితం తయారయ్యేదీ, అట్ట తయారయ్యేదీ చెట్ల గుజ్జుతోనే, చెదలకు రెండూ తిండే. ఇటుకల మీద చెక్క వేసి, గోడకు జానెడు దూరంలో ఉంచుతాను. ఇటుకలు చెదలను ఆపవు, కానీ అవి పైకి రావాలంటే ఇటుక మీద మట్టి గీత కట్టుకుంటూ రావాలి, అది కంటికి కనబడుతుంది. పదిహేను రోజులకోసారి టార్చి వేసి చూస్తాను.

ఆగస్టులో ప్రతి పెట్టె మూలనూ బొటనవేలితో నొక్కుతాను. వేలు తీసినా గుంట అలాగే ఉంటే అట్ట చెమ్మగిల్లినట్టే. అందులోని సామాను ఆ రోజే వేరే పెట్టెలోకి మారుస్తాను.