కట్టమీద నడక, సంచిలో గ్లూకోజ్

ఈ ఉదయం నల్లగొండ ఉదయసముద్రం చెరువు కట్టమీద సగం దూరం పోయేసరికి వదినె మాట తగ్గింది. ఆమె మా పక్కింటి మనిషి. వరుస కలుపుకొని పిలుచుకోవడమే గాని చుట్టరికం లేదు. నీళ్ల మీది నుంచి వచ్చే చలిగాలికి నేను శాలువా బిగించుకుంటుంటే, ఆమె పైపెదవి మీద, మెడ వెనుక చెమట నిలిచి ఉన్నది. "షుగర్ పడిపోతున్నట్టున్నది, కూసో వదినె" అంటే "నాకేం కాలే, నువ్వు నడువు" అని కసిరింది. కసిరే స్వభావం ఆమెది కాదు. మెదడుకు అందవలసిన గ్లూకోజ్ తగ్గినప్పుడు మనిషికి చిరాకు పుడుతుందని తెలుసు కాబట్టి, చెయ్యి పట్టుకొని గట్టుమీద కూర్చోబెట్టాను.

చేతులు వణకలేదు, గుండె దడ లేదు. అందుకే ఆమెకు నమ్మకం కుదరలేదు. బీపీకి ఆమె వేసుకునే అటెనొలాల్ ఆ రెండు గుర్తులనూ అణిచివేస్తుంది గాని, చెమటను ఆపలేదు. అటువంటి మాత్ర వాడేవారికి చల్లని పూట పట్టిన చెమటే మొదటి హెచ్చరిక కావచ్చు.

తోట నుంచి వస్తున్న ఒకరు దారిలో ఇచ్చిన బత్తాయిని ఆమె అప్పటికే సగం ఒలిచింది. పండ్ల రసం అంటిన వేలితో పరీక్షిస్తే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సీసాలోని నీళ్లు పోసి వేలు కడిగి, బాగా తుడిచి, మొదటి చుక్కను తీసేసి రెండో చుక్కను స్ట్రిప్‌కు అందించాను. 62 వచ్చింది. 70 కంటే తగ్గితే ఆలస్యం చేయకూడదు, 54 కంటే తగ్గితే ప్రమాదం ముదిరినట్టే.

ఆమె బత్తాయి తొనను నోటి దగ్గరికి తీసుకుపోతుంటే ఆపి, నా సంచిలోని గ్లూకోజ్ పొడిని మూడు చెంచాలు, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించాను. పండులోని పీచు వల్ల చక్కెర నిదానంగా ఎక్కుతుంది. పైగా ఆమె వేసుకునే షుగర్ మాత్రలో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో పాటు వోగ్లిబోస్ కూడా ఉన్నది. మామూలు చక్కెర పేగులో విడిపోయి రక్తంలోకి చేరడాన్ని వోగ్లిబోస్ ఆలస్యం చేస్తుంది కనుక, ఆ మాత్ర వాడేవారు చక్కెర పొట్లాన్నో చాక్లెట్‌నో నమ్ముకోకుండా గ్లూకోజ్‌నే దగ్గర పెట్టుకోవాలి. ఈ సంగతి మందుల చీటీతో పాటే ప్రతి ఇంటికీ చేరాలని నా కోరిక. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 91. అప్పటికి వదినె ముఖం తేటపడింది. ఇంటికి చేరగానే జొన్నరొట్టె, పప్పు తిన్నది.

కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "ఇగ వాకింగ్ బంద్ చెయ్యి అమ్మా" అన్నాడట. ఆ పిల్లవాడి భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ మాటను నేను ఒప్పుకోను. నడుస్తున్నప్పుడు కండరాలు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. మన మేలు కోరి జరిగే పని అది. చిక్కంతా, రక్తంలో చక్కెర ఎంత ఉన్నా లెక్కచేయకుండా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించే గ్లిమిపిరైడ్‌ను ఆమె పొద్దున్నే పరగడుపున వేసుకొని, తిండిని నడక తరువాతికి వాయిదా వేయడంలో ఉన్నది. ఆ మాత్రను భోజనంతో గాని, దానికి కాస్త ముందు గాని వేసుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఇటువంటి ఇబ్బంది అరుదు.

ఇంకొక కారణం కూడా ఉండి ఉంటుంది. నిన్న సాయంత్రం ఆమె లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఎక్కి దిగి, రాత్రి కొంచెమే తిన్నది. గట్టి వ్యాయామం చేశాక కండరాలు తాము వాడుకున్న నిల్వను నింపుకుంటూ ఇరవైనాలుగు గంటల దాకా, ఒక్కోసారి అంతకుమించి కూడా, చక్కెరను తీసుకుంటూనే ఉంటాయి. అందుకే గుట్ట ఎక్కిన రోజు పడుకునే ముందు ఒకసారి, మర్నాడు నడకకు ముందు ఒకసారి పరీక్షించుకోవడం మంచిది. నడకకు ముందు 90 కంటే తక్కువ ఉంటే కొంత తిని బయలుదేరాలి.

వదినె ఈ రాత్రి 124 ఉన్నదని చెప్పింది. మాత్రల మోతాదును మన ఇష్టానికి తగ్గించుకోవద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. రేపు చీటీ, రీడింగులు రాసుకున్న పుస్తకం పట్టుకొని ఇద్దరం డాక్టరు దగ్గరికి పోతున్నాము. గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించవచ్చునా, అటెనొలాల్‌కు బదులు వేరే బీపీ మాత్ర కుదురుతుందా అని అడగాలి.