పెన్ను పిల్లాడి చేతిలోనే

మంగళవారం. మామూలు రోజే. వాన పడేలా ఉందని వసారాలో కాకుండా హాల్లోనే చాప వేశాను. రేపు బళ్లో స్లిప్ టెస్టట, ట్యూషన్‌కి వచ్చిన వాళ్లందరికీ అదే కంగారు.

ఎనిమిదో తరగతి పిల్లాడు కూర్చుంటూనే నోట్సు నా ముందు పెట్టాడు. ఒక సంఖ్యలో సగం, దాని మూడో వంతు కలిపితే 10, ఆ సంఖ్యెంత అన్నది లెక్క. ఆ సంఖ్యని ఎక్స్ అనుకుని, రెండు భిన్నాల్లో పైనున్నవి కలిపి రెండు ఎక్సులు, కిందున్నవి కలిపి 5 అని వేసి, అక్కణ్నుంచి పొల్లుపోకుండా చేసుకొచ్చి జవాబు 25 అన్నాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది.

ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, క.సా.గు. తీసి, గబగబా చేసి చూపించడానికి నాకు నిమిషం చాలు. వాడు తలూపుతాడు, నోట్సులోకి దించుకుంటాడు, రేపు అంకెలు మారిస్తే మళ్లీ కింద 5 వేసే దారిలోకే వెళ్తాడు. ట్యూషన్ చెప్పేవాళ్లు పిల్లల చేతిలోంచి పెన్ను లాక్కోవడం నాకు అస్సలు నచ్చదు. లెక్క పూర్తవుతుంది కానీ చేసింది మనం, వాడు కాదు.

"25లో సగం ఎంత నాన్నా?" అన్నాను.

"పన్నెండున్నర టీచర్."

"దానికింకా మూడో వంతు కలపాలి కదా. మొత్తం ఎంత రావాలన్నాడు?"

"ప..." అని ఆగిపోయాడు. "సగమే పది దాటిపోయింది టీచర్!"

ఆ మాట వాడే అనాలి. తప్పని నేను చెబితే నా మీద నమ్మకంతో ఒప్పుకుంటాడు. వాడికే దొరికితే ఇకమీదట ప్రతి జవాబునీ లెక్కలో పెట్టి చూసుకుంటాడు.

తర్వాత అసలు తీగ పట్టుకోవాలి. 1/2కి 1/3 కలిపితే ఎంతరా అంటే తడుముకోకుండా 2/5 అన్నాడు. 2/5 సగం కంటే ఎక్కువా తక్కువా అంటే పైకప్పు కేసి చూశాడు. పాత క్యాలెండర్ కాగితం పొడుగ్గా చించి ఇచ్చి, ఆరు సమాన మడతలు పెట్టమన్నాను. సగం అంటే ఎన్ని మడతలు? మూడు. మూడో వంతు? రెండు. వేలితో లెక్కపెట్టుకుని "ఆరింట్లో అయిదు" అన్నాడు. ఆ తర్వాత నేను నోరు విప్పలేదు. 12 వచ్చింది. అడక్కుండానే 6, 4 కలిపి 10 సరిపోయిందని మార్జిన్‌లో రాసి చూపించాడు.

వాడి ఇబ్బంది ఎనిమిదో తరగతి సమీకరణాల్లో లేదు, చిన్న తరగతుల్లో వదిలేసిన భిన్నాల్లో ఉంది. క్లాసు నిండా పిల్లలున్న బళ్లో, సిలబస్ తరుముతుంటే, ఒక్కడి కోసం అంత వెనక్కి వెళ్లడం ఏ టీచరుకీ కుదరదు. కుదిరేది మన దగ్గరే. బళ్లో చెప్పిన చాప్టరే మళ్లీ చెప్పి పంపించేటట్టయితే ఆ తల్లిదండ్రులు ఫీజు కట్టడం దేనికి? అందుకే కొత్తగా చేరిన వాళ్ల మార్కుల కార్డు నేను పెద్దగా పట్టించుకోను. ఒక లెక్క ఇచ్చి, చేస్తున్నంతసేపూ బయటికి చెప్పమంటాను. ఎక్కడ గొంతు తగ్గుతుందో అక్కడే గండి.

ఏడో తరగతి పాపది ఇంకో రకం. మైనస్ 3లోంచి 4 తీసేయమంటే ప్లస్ 7 వేసింది. "మైనస్ మైనస్ ప్లస్ కదా టీచర్" అంది ధీమాగా. ఇలాంటి చిట్కాలు పిల్లలకి ముందుగా ఎవరు నేర్పుతారో గానీ, నాకు భలే కోపం వస్తుంది. గుణకారంలో పనికొచ్చే మాటని కూడికల్లోకి, తీసివేతల్లోకి మోసుకొస్తారు. షాపులో మూడు రూపాయలు అప్పు, ఫ్రెండ్ దగ్గర నాలుగు అప్పు, నీ దగ్గరిప్పుడు ఏడు రూపాయలు ఉన్నట్టా అన్నాను. పకపకా నవ్వింది, తనే దిద్దుకుంది. గణిత శాస్త్రవేత్త బ్రహ్మగుప్తుడు 628లో ఈ నియమాలు రాసినప్పుడు ఆస్తి, అప్పు అనే చెప్పాడు, రెండు అప్పులు కలిస్తే అప్పే అని. ఆ సంగతి చెబితే పాప కళ్లు పెద్దవి చేసుకుని వింది.

పదో తరగతి అమ్మాయికి సూత్రాలన్నీ నోటికొచ్చు. దీర్ఘచతురస్రపు స్థలం, పొడవు వెడల్పు కంటే 5 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 84 చదరపు మీటర్లు, కొలతలెంత అంటే మాత్రం చెయ్యి కదల్లేదు. ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉంది. పుస్తకం మూసేసి, మీ నానమ్మకి చెప్పినట్టు తెలుగులో చెప్పు, బొమ్మ గియ్యి అన్నాను. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో చెప్పుకుంటే లెక్క చిన్నబోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

బొమ్మ గీశాక చాలాసేపు దానికేసే చూస్తూ కూర్చుంది. ఇక్కడే ఓపిక కావాలి. మాట సాయం చెయ్యాలని నాలుక కొస దాకా వస్తుంది. నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. వచ్చేసరికి సమీకరణం వేసి, 7, మైనస్ 12 అని రెండు విలువలు తీసి, రెండోదాన్ని కొట్టేసి కూర్చుంది. ఎందుకు కొట్టేశావంటే, "వెడల్పు మైనస్ ఎలా ఉంటుంది టీచర్" అని నన్నే అడిగింది.

ఎనిమిదింటికి పిల్లాడి వాళ్లమ్మ వచ్చింది. "ఏవండీ, రేపు టెస్టులో మార్కులొస్తాయంటారా?" అంది. రేపటికి హామీ ఇవ్వలేనమ్మా, భిన్నాలు గట్టిపడేదాకా ఆగండి అన్నాను. ఇంటికెళ్లాక ఇవాళ్టి లెక్క మీకు చెప్పమనండి అంటే, "నాకు లెక్కలు రావండీ" అని మొహమాటపడింది.

"రాకపోతేనే మంచిదమ్మా. మీకు అర్థమయ్యేదాకా వాడే చెప్పుకోవాలి."

రేపు వాడికి 1/4, 1/6 ఇస్తాను, ఈసారి కాగితం ఎన్ని మడతలు పెట్టాలో చెప్పను.