ఫునాఫుటిలో కొత్త నేల

ఫిజీ రాజధాని సువాలో ఎక్కిన చిన్న విమానం రెండున్నర గంటలపాటు నీటి మీదే సాగాక, సముద్రంలో ముగ్గు గీత వేసినట్టు ఫునాఫుటి కనిపించింది. దాదాపు 11 వేల మంది ఉండే తువాలు దేశానికి ఇదే రాజధాని. ఒక పక్క పసిఫిక్, మరో పక్క లగూన్, అంటే పగడపు దిబ్బలు చుట్టుముట్టిన సముద్రపు మడుగు. కొన్ని చోట్ల నడుమ దారికీ ఒక వరుస ఇళ్లకూ మాత్రమే చోటుంది. సాయంత్రమైతే పిల్లలు రన్‌వే మీదే బంతాట ఆడుకుంటారు.

నేను చూడాలని వచ్చినది లగూన్ ఒడ్డున వెలిసిన కొత్త నేలను. వాతావరణ మార్పును తట్టుకునేందుకు వర్ధమాన దేశాలకు సాయపడే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ 2016లో 3.6 కోట్ల డాలర్ల గ్రాంటు (తిరిగి చెల్లించనక్కర్లేని సొమ్ము) మంజూరు చేయగా, తువాలు ప్రభుత్వం మరో 29 లక్షలు జోడించింది. లగూన్ అడుగు నుంచి ఇసుక తోడి, 780 మీటర్ల పొడవున, 100 మీటర్ల వెడల్పున, 2100 తరవాత కూడా తుపాను అలలకు అందనంత ఎత్తులో ఈ నేలను నిలబెట్టారు. అంచున పేర్చిన ఇసుక సంచుల మీద చెయ్యి వేస్తే తడిసిన గొంగళిలా గరుగ్గా తగిలింది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో కట్టిన జియోట్యూబు గోడను అలలు దెబ్బతీయడం చూసిన నాకు, ఈ సంచుల బాగోగులకు ఏటా డబ్బు ఎవరిస్తారన్న ఆలోచన వదలలేదు.

నేను బస చేసిన ఇంటి పెద్దావిడ వాననీటి ట్యాంకును కింది నుంచి పైకి వేళ్లతో తడుతూ వచ్చి, చప్పుడు మారిన చోట ఆగి, నీళ్లు అంతవరకే ఉన్నాయని చూపించింది. 2011 కరవులో ఇక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మన చేమదుంపను పోలిన పులాకాను పండించే గుంటల్లోకి ఉప్పునీరు ఊరుతోంది.

ఈ నేలలా సముద్రాన్ని అడ్డుకునే కరకట్ట ఏదీ రాబడి తెచ్చేది కాదు కనుక దాన్ని నమ్ముకుని ప్రైవేటు పెట్టుబడి రాదు. అప్పు తెచ్చి కడితే, భూతాపానికి దాదాపు ఏ పాపమూ ఎరుగని ఈ జనం బడికీ ఆసుపత్రికీ దక్కాల్సిన సొమ్మును వాయిదాలకు కట్టాల్సి వస్తుంది. అందుకే ఈ సాయం గ్రాంటుగానే రావాలని నా గట్టి నమ్మకం. అదీ త్వరగా రావాలి: మంజూరైన నాటి నుంచి ఈ నేల సిద్ధమయ్యేసరికి 2023 చివరికొచ్చింది. వాతావరణ మార్పును ఎదుర్కొనేందుకు వర్ధమాన దేశాలకు ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో ఇచ్చిన మాట, గడువైన 2020 దాటాక గాని నెరవేరలేదు.

కొత్త నేల మీద ముందుగా ఏం కట్టాలని పెద్దావిడను అడిగాను. తన ఇంటికి దూరమైనా సరే, పెద్ద నీళ్ల ట్యాంకు ఒకటి కట్టాలంది.