కనుమ నాడు కారుకి పారాణి

ముక్కనుమ రాత్రి కూర్చుని రాస్తున్నాను. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు ఇంకా వదల్లేదు. భోజనాల దగ్గర మా ఆవిడ నా చేతులు చూసి, "కారుకి పెట్టిన పారాణి మీకూ అంటిందే" అంది. అత్తగారు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మాది 2015 స్విఫ్ట్. ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర్లో. నిరుడు అలాయ్ వీల్స్ వేయించిన దగ్గర్నుంచి వాటి సందుల్లోంచి బ్రేక్ క్యాలిపర్లు (చక్రంతో తిరిగే డిస్కుని ప్యాడ్లతో పట్టి ఆపే ఇనప పట్టకార్లు) కనబడుతున్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టి అచ్చం బెల్లం అచ్చుల్లా తయారయ్యాయి. వెనక చక్రాలకి డ్రమ్ము బ్రేకులే, క్యాలిపర్లు ఉండవు కాబట్టి రంగు వేయాల్సినవి ముందువి రెండే. కార్లకి మెరుగులు దిద్దే ఒక డీటెయిలింగ్ షాపులో అడిగితే నాలుగున్నర వేలన్నాడు. అరచెయ్యంత ఇనప ముక్కలు రెండింటికి! అదే షాపులో ఆ ముందు నెలే నా కారు కడిగి, డోర్ సందుల్లో నురగ అలాగే వదిలేసిన మహానుభావులు వాళ్ళు. నేనే చేసుకుంటానని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేద్దామంటే "వాహనాల మరమ్మతులు నిషిద్ధం" అని అసోసియేషన్ వాళ్ళ బోర్డు. ఆ బోర్డు పెట్టించిన పెద్దమనిషి స్కూటర్ ప్రతి ఆదివారం అక్కడే విప్పి ఉంటుంది, అది వేరే సంగతి. సరే, సంక్రాంతికి ఎలాగూ కోనసీమలో అత్తవారింటికి వెళ్తున్నాం, పెద్ద వాకిలి, వేపచెట్టు నీడ, అడిగేవాడు ఉండడు అనుకుని సామానంతా డిక్కీలో వేసుకున్నాను. వేడికి తట్టుకునే ఎర్ర స్ప్రే డబ్బా, బ్రేక్ క్లీనర్ రెండు డబ్బాలు, తీగ బ్రష్షు, ఉప్పు కాగితం, మాస్కింగ్ టేపు, లేపిన కారుని ఆనించడానికి స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చిన స్టాండ్లు రెండు. అన్నీ కలిపి పద్దెనిమిది వందల లోపే.

స్పేర్ పార్టుల కొట్టువాడు "క్లీనర్ దేనికి సార్ దండగ, పెట్రోలు పోసి కడిగెయ్యండి" అన్నాడు. వినకండి. పెట్రోలు, కిరసనాయిలు తగిలితే బ్రేకుల్లోని రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ క్లీనర్ అయితే జిడ్డు కరిగించి తనే ఆవిరైపోతుంది, వెనక తడి కూడా మిగలదు.

పండగ నాడు ఎడమ చక్రం పని పట్టాను. వాకిలి పేడతో అలికిన మట్టి కదా, జాకీ దిగబడకుండా కింద టేకు చెక్క వేశాను. కారు లేపాక స్టాండు మీద దించాను. ఒట్టి జాకీని నమ్మి కారు కింద చెయ్యి పెట్టేవాళ్ళకి నేనేం చెప్పలేను. క్యాలిపర్ విప్పలేదు. ఉన్నచోటే క్లీనర్‌తో తడిపి, ముక్కుకి మాస్కు పెట్టుకుని తీగ బ్రష్షుతో తోమాను. ఆ నల్లటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అందుకే పొడిగా ఉన్నప్పుడు ఊదడం, దులపడం వద్దు. డిస్కుకి, ప్యాడ్లకి, దుమ్ము చొరకుండా ఉండే రబ్బరు బూటుకి (తొడుగు), గాలి తీసే బ్లీడ్ నిపుల్‌కి టేపు, పాత పేపర్లు చుట్టి, పది పదిహేను నిమిషాల ఎడంతో పల్చగా నాలుగు కోట్లు కొట్టాను. ఒక్క ధార కారలేదు. గొప్ప కోసం అనడం లేదు, ఆ ఎడమవైపు క్యాలిపర్ చూస్తే కంపెనీ నుంచే అలా వచ్చిందనుకుంటారు.

అక్కడితో ఆగి, కుడివైపూ అలాగే చేసి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

రాత్రి పడుకుని వీడియోలు చూశాను. క్యాలిపర్ పైకి లేపి, ప్యాడ్లు తీసి చేస్తే లోపలి మూలలు కూడా శుభ్రంగా వస్తాయట. కనుమ పొద్దున్నే మొదలుపెట్టాను. అవతల పశువుల సావిట్లో మామగారు ఎడ్లకి స్నానం చేయించి కొమ్ములకు రంగు వేయిస్తున్నారు, ఇవతల నేను. కింది బోల్టు, పై బోల్టు రెండూ తీసి క్యాలిపర్ పైకి తీశాను. బ్రేక్ గొట్టం మీద బరువు పడకుండా బైండింగ్ వైరుతో స్ప్రింగుకి కట్టాను. ఇంత జాగ్రత్తపరుణ్ణి నేను. ప్యాడ్లు పక్కన పెట్టి, ప్యాడ్లని డిస్కుకేసి నొక్కే పిస్టన్‌కి రంగు తగలకుండా పాలిథిన్ కవరు చుట్టి, మొదటి కోటు కొట్టి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళాను.

మా బావమరిది ఇంటర్ చదువుతున్నాడు. కారెక్కి పాటలు పెట్టుకున్నాడు. పెట్టుకుంటే పెట్టుకున్నాడు, పాటకి తాళం కాలితో వేశాడు. బ్రేక్ పెడల్ మీద.

ప్యాడ్లు, డిస్కు ఉంటే పిస్టన్‌ని అవి ఆపుతాయి. అవి లేనప్పుడు పెడల్ తొక్కిన ప్రతిసారీ పిస్టన్ కాస్త కాస్త బయటికి వస్తూనే ఉంటుంది, వెనక్కి లాగేది ఏదీ లేదు. నేను చెంబు పట్టుకుని వచ్చేసరికి కవరు నిండు గర్భిణిలా ఉబికి ఉంది. "ఒరే, కాలు తియ్!" అని అరిచాను. వాడు ఉలిక్కిపడి ఇంకో రెండుసార్లు తొక్కాడు. టప్‌మని చప్పుడు. పిస్టన్ ఊడి కవరులో పడింది, దాని వెనకే బ్రేక్ ఆయిలు.

అందరూ బ్రేక్ ఆయిల్ అంటారుగానీ అది నూనె కాదు, రంగుల పాలిట యముడు. కళ్ళ ముందే నా మొదటి కోటు మరిగిన పాల మీద మీగడలా ముడతలు పడి, కిందికి జారి, ముగ్గులో కలిసింది. రథం ముగ్గు. మా అత్తగారు తెల్లవారుజామున వేసింది. ఒకటి గుర్తుపెట్టుకోండి: ఆ ఆయిలు బాడీ రంగు మీద పడితే తుడవకండి, ముందు నీళ్ళు కొట్టండి. నీళ్ళలో కలిసిపోతుంది. నేను గుడ్డతో తుడిచి ఇంకాస్త పులిమాను.

పిస్టన్ తిరిగి లోపలికి తొయ్యడం ఎంతలే అనుకున్నాను. బొటనవేళ్ళతో నొక్కితే వంకరగా వెళ్ళి బిగుసుకుంది. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ వంకర. మామగారు వడ్రంగి సామానులోంచి బిగింపు తెచ్చిచ్చారు, దానితోనూ కాలేదు. గంటన్నర గడిచింది. పదకొండైంది.

అసలు కష్టం ఏమిటంటే, ఆ మధ్యాహ్నం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరం వెళ్ళాల్సింది నా కారులోనే. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన వాహనాలు, అక్కడికి చేరతాయి. గంగలకుర్రు అగ్రహారం ప్రభని భుజాల మీద మోసుకుంటూ కౌశిక ఏటి నీళ్ళలోంచి దాటిస్తారు. పెళ్ళయి మూడేళ్ళయినా నేను చూడలేదు, ఈసారి చూపిస్తామన్నారు. పట్టుచీరలు కట్టుకుని పెద్దత్తలు, చిన్నత్తలు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. నేను బనీను మీద, మోచేతుల దాకా నలుపు, ఎరుపు. ఎవరూ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అన్నా బాగుండేది.

చివరికి మా ఆవిడ పెదనాన్నగారు కర్ర ఊతంతో వంగి చక్రం లేని చోటు చూసి, "అల్లుడుగారూ, పోనీ ఎడ్లబండి కట్టించమంటారా?" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే అది ఎగతాళో, నిజంగా అడిగారో ఇప్పటికీ తెలియదు. సావిట్లో ఎడ్లు కొమ్ములకు ఎర్ర రంగుతో, ధారలు కారకుండా, దివ్యంగా ఉన్నాయి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. కాకుల సంగతేమోగాని మెకానిక్కులు మాత్రం కదలరు. నాలుగు చోట్లకి ఫోన్ చేస్తే ఇద్దరు తీయలేదు, ఇద్దరు తీర్థంలోనే ఉన్నారు. మా వాళ్ళు రెండు ఆటోలు మాట్లాడుకుని వెళ్ళిపోయారు. నేను, బావమరిది, ఎడ్లు మిగిలాం.

సాయంత్రం ఆరింటికి మామగారికి తెలిసిన మెకానిక్ తీర్థం నుంచి అటే బైకు మీద వచ్చాడు, పండగ చొక్కాతో. టార్చి వేసి చూసి, "రంగు ఎవరండీ వేసింది?" అని అడిగాడు. నేనేనన్నాను. "ఆయ్, బాగానే ఉందండి, బ్రేకు ఒక్కటే లేదు" అన్నాడు. డిక్కీలోంచి నా ఆయిల్ డబ్బా తీసిస్తే మూత చూసి పక్కన పడేశాడు. నిరుడు తెరిచినదట. తెరిచిన డబ్బాలోది గాలిలో తేమ పీల్చుకుంటుంది, బ్రేకు వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తబడుతుంది.

తను తెచ్చిన కొత్త డబ్బా తెరిచి, పిస్టన్ మీద ఎక్కడా గీత లేదని గోటితో తడిమి చూసుకున్నాడు. ఆయిల్‌లో ముంచాడు. రబ్బరు బూటు అంచుని ముందు పిస్టన్‌కి తొడిగి, నిపుల్ కాస్త వదులు చేసి, రెండు బొటనవేళ్ళూ ఎదురెదురుగా ఆనించి నిదానంగా నొక్కాడు. వెన్నలోకి గరిటె దిగినట్టు దిగింది. నేను గంటన్నర కుస్తీ పట్టింది అతనికి నిమిషం కూడా పట్టలేదు. నేను నిపుల్ తెరవలేదు, వెనక చిక్కుకున్న గాలి ఎటు పోతుంది మరి.

తర్వాత బ్లీడింగ్, అంటే బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీసేయడం. నిపుల్‌కి సన్న గొట్టం, దాని రెండో కొస సీసాలోని ఆయిల్లో. "తొక్కండి... పట్టి ఉంచండి... వదలండి." తొక్కింది ఎవరనుకున్నారు, అదే బావమరిది, అదే కాలితో. బుడగలు ఆగేవరకూ, బానెట్ కింద డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ, ఇరవైసార్లు పైనే తొక్కించాడు. పెడల్ రాయిలా గట్టిపడింది. అయినా కారు వాకిలి దాటించవద్దన్నాడు. ఈ ఉదయం అమలాపురం నుంచి సీల్ కిట్ తెచ్చి మార్చి, మళ్ళీ బ్లీడ్ చేసి, అప్పుడు తాళం చేతికిచ్చాడు. ఎంత ఇమ్మంటావంటే "పండగపూట కదండీ" అంటూ నసిగాడు. ఎనిమిది వందలు జేబులో పెట్టాను.

కుడి క్యాలిపర్ సగం ఎరుపు, సగం బెల్లం. మెకానిక్ వెళ్తూ వెళ్తూ "ఎడమదాని ఫినిషింగ్ మాత్రం బాగుందండి" అన్నాడు. అది మా ఆవిడ విన్నదో లేదో.

తీర్థం నుంచి తెచ్చిన జీళ్ళ పొట్లం నా దిండు పక్కన ఉంది. స్ప్రే డబ్బాలో ఇంకా సగం మిగిలిందని తెలిసి, ఇందాక మామగారు గుమ్మంలో నిలబడి అడిగారు: "అల్లుడుగారూ, ఆ రంగు మోటారు షెడ్డు తలుపుకి వేస్తే నిలుస్తుందాండీ?"