ముందు చిన్న కప్పుడు సూప్

ఎనిమిది మందిని భోజనానికి పిలుద్దామంటే మా ఆయన అడిగే మొదటి మాట "ఎంతవుతుంది?" నేను ఆలోచించేది మాత్రం "ఏ సూప్ పెడదాం?" అని. ఆయన ప్రశ్నకి జవాబు నా ప్రశ్నలోనే ఉందంటే నవ్వుతారు కానీ, లెక్క నా పక్షానే ఉంది.

భోజనానికి ముందు ఇచ్చే సూప్ మనిషికి 150 నుంచి 200 మిల్లీలీటర్లు చాలు. ఎనిమిది మందికీ కలిపి లీటరున్నర అనుకోండి. క్యారెట్ సూపైతే అందులో పడేది ముప్పావు కిలో క్యారెట్, రెండు ఉల్లిపాయలు, ఒక బంగాళాదుంప, కాస్త వెన్న. మిగతాదంతా నీళ్ళే. అదే వేపుళ్ళతో మొదలుపెడితే మనిషికెన్ని ముక్కలు, ఎవరికి అందలేదు, ఇంకో వాయి వెయ్యాలా అని ఒకటే టెన్షన్. నూనె బాండీ ముందు నిలబడితే వచ్చినవాళ్ళతో మాట్లాడేదెప్పుడు? చాలా సూపులైతే పొద్దున్నే చేసి పక్కన పెట్టుకోవచ్చు.

వట్టి నీళ్ళు పోసినా తప్పు లేదు గానీ, స్టాక్, అంటే కూరగాయల ముక్కలు మరిగించి వడగట్టిన నీళ్ళు, పోస్తే రుచి ఒక మెట్టు పైకెళ్తుంది. దానికోసం విడిగా ఏమీ కొనక్కర్లేదు. మష్రూమ్ కాడలు, క్యారెట్ చివర్లు, ఉల్లిపాయ మొదళ్ళు, గింజలు ఒలిచేశాక మిగిలిన మొక్కజొన్న కండెలు, వీటన్నిటినీ నేను ఒక డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో దాస్తాను. డబ్బా నిండాక సన్నటి సెగ మీద 40 నిమిషాలు మరిగించి వడగట్టడమే. కూరగాయల స్టాక్‌ని గంటల తరబడి మరిగిస్తే రుచి పెరగదు, చేదెక్కుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ ముక్కలు మాత్రం ఆ డబ్బాలో వెయ్యను. వాటి వాసన మిగతా అన్నిటినీ మింగేస్తుంది.

నేను ఎక్కువగా చేసేది పచ్చి బఠాణీ సూప్. ఫ్రీజర్ బఠాణీ అయినా ఇబ్బంది లేదు, పైగా చవక. ముందు ఉల్లిపాయని సన్నగా తరిగి వెన్నలో వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మూత పెట్టి మగ్గనివ్వాలి. రంగు మారకూడదు. గరిటెతో నొక్కితే నలిగిపోయేంత మెత్తబడాలి. పది పన్నెండు నిమిషాలు పడుతుంది, ఇక్కడ తొందరపడితే సూప్‌లో ఉల్లి పచ్చివాసన మిగిలిపోతుంది. తర్వాత స్టాక్ పోసి, బాగా తెర్లుతున్నప్పుడు బఠాణీ వేసి, మూత లేకుండా మూడు నిమిషాలు. అంతే, దింపేయాలి. ఎక్కువసేపు ఉడికినా, పులుపు తగిలినా ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్‌లోంచి మెగ్నీషియం జారిపోయి రంగు మట్టిలా మారిపోతుంది. అందుకే ఈ సూప్‌లో నిమ్మరసం పిండాలనుకుంటే వడ్డించే ముందే పిండాలి. పొద్దున చేసిపెట్టే పనైతే దింపగానే గిన్నెని ఐసు నీళ్ళలో ఉంచి చల్లార్చాలి.

వేడి సూప్ మిక్సీలో వేసేటప్పుడు జార్ సగానికి మించి నింపకండి. ఆవిరికి మూత ఎగిరిపోతుంది. మూత మధ్యలో ఉండే చిన్న బిరడా తీసి, మడిచిన గుడ్డ అడ్డం పెట్టి తిప్పండి.

ఇక జల్లెడ. చాలామంది ఈ పని ఎగ్గొడతారు. ఇంటి సూప్‌కీ విందు సూప్‌కీ తేడా తెచ్చేది ఇదే. మిక్సీలోంచి తీసిన సూప్‌ని సన్నకన్నుల జల్లెడలో పోసి గరిటె వెనకవైపుతో గుండ్రంగా నొక్కుతూ పోవాలి. చివరికి జల్లెడలో గుప్పెడు తొక్కు మిగులుతుంది, పొడిపొడిగా. జల్లెడ అడుగున అంటుకున్నదాన్ని గీరి గిన్నెలో వేసుకోవడం మర్చిపోకండి, చిక్కదనమంతా అక్కడే ఉంటుంది.

బంగాళాదుంప సూప్‌ని మాత్రం మిక్సీలో ఎక్కువ తిప్పకూడదు. పిండిపదార్థం బయటికొచ్చి జిగురులా సాగుతుంది. మెదిపి వడకడితే చాలు. బంగాళాదుంపంటే చిన్నచూపు ఉన్నవాళ్ళకి నేను విషిసువాజ్ అనే చల్లటి బంగాళాదుంప సూప్ కథ చెప్తాను. న్యూయార్క్ రిట్జ్ కార్ల్‌టన్ హోటల్ షెఫ్ లూయీ డియా 1917లో ఎండాకాలం కోసం ఆ చల్లటి సూప్ తయారుచేశాడు. చిన్నప్పుడు ఇంట్లో వేడి సూప్‌లో చల్లటి పాలు కలుపుకుని తాగిన జ్ఞాపకమే దానికి మూలమట. ఉన్నదల్లా బంగాళాదుంప, ఉల్లికాడల జాతి లీక్స్, పాలు, క్రీమ్. చల్లటి సూప్‌కి ఉప్పు కాస్త ఎక్కువ పడుతుంది, చలవకి నాలుక మొద్దుబారుతుంది కాబట్టి.

ఖరీదైనవీ ఉన్నాయి లెండి. 1975లో ఫ్రెంచ్ షెఫ్ పాల్ బొక్యూజ్ ఫ్రాన్స్ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాంగ్‌కి నల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు లాంటిది) సూప్ వడ్డించాడు, గిన్నె మీద పొరలు పొరలుగా పొంగే పేస్ట్రీ మూతతో. నాకు అందులో నచ్చింది ట్రఫుల్ కాదు, ఆ మూత. పగలగొట్టగానే వాసనంతా తినేవాడి మొహానికే తగులుతుంది. ఆ మూత పిండీ వెన్నే కదా!

వడ్డించడానికి వెడల్పాటి సూప్ ప్లేట్లు నాకిష్టం లేదు. చూడ్డానికి బావుంటాయి, రెండు చెంచాలకే చల్లారిపోతాయి. లోతైన చిన్న కప్పులు మేలు. వాటిలో ముందుగా వేడినీళ్ళు పోసి ఉంచి, పారబోసి తుడిచి, అప్పుడు సూప్ పోస్తాను, మూడొంతులు మాత్రమే. పైన ఒక్కటే వెయ్యాలి. క్రీమ్ చుక్కో, వెన్నలో వేయించిన బ్రెడ్ ముక్కలో, నాలుగు బఠాణీ గింజలో. మూడూ వేస్తే సంత. బ్రెడ్ ముక్కలు విడిగా తెచ్చి, అందరూ కూర్చున్నాక నేనే వేస్తాను. కరకరలాడకపోతే వాటివల్ల ఉపయోగం లేదు.

ఇందులో ఇంకో ఆదా ఉంది. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బార్బరా రోల్స్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, భోజనానికి ముందు తక్కువ కేలరీల సూప్ తాగినవాళ్ళు, ఆ సూప్‌నీ కలిపి లెక్కేసినా, ఆ పూట 20 శాతం తక్కువ కేలరీలు తీసుకున్నారు. అసలు వంటకం కాస్త తక్కువ చేసినా సరిపోతుందన్నమాట, ఖర్చంతా అక్కడే కదా.

ఎవరైనా "ఇంకొంచెం ఉందా?" అంటే మాత్రం అయిపోయిందని చెప్పేస్తాను. ఉంటుంది. రెండోసారి వేస్తే వెనకాల వచ్చే వంటకాన్ని ఎవరూ ముట్టుకోరు. మిగిలింది మర్నాడు మధ్యాహ్నం నాదే.